‘బూఢీ కాకీ’ కథలో ఆశపోతు ఎవరు?

#1 కథాసుధ

అందరికీ నమస్కారం. మేం పదిమందిమి నెలకో ఆదివారం కూర్చుని ఒక కథ చదువుకుంటాం. మొన్న హిందీ రచయిత ప్రేమ్‌చంద్ ‘బూఢీ కాకీ’ చదివాం. కథ అయ్యేసరికి అరగంట కూడా పట్టలేదు. పోట్లాట మాత్రం భోజనాల వేళ దాకా సాగింది. అక్కడ తేలలేదు కాబట్టి ఇక్కడికి తెచ్చాను.

చదవనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. బూఢీ అంటే ముసలి, కాకీ అంటే మనకు పిన్ని వరస. ఆవిడ భర్త ఎప్పుడో పోయాడు. కొడుకులు చేతికందే వయసులో పోయారు. మిగిలింది వరసకు కొడుకయ్యే పండిత్ బుద్ధిరామ్ ఒక్కడే. ఉన్నదంతా అతని పేర రాసేసింది. రాయించుకునేటప్పుడు అతను ఇవ్వని మాట లేదు. ఆ తర్వాత ఆవిడకు కడుపునిండా తిండి కూడా గగనమైంది. బుద్ధిరామ్ పెద్దకొడుక్కి తిలకం వేడుక, అంటే పెళ్ళి ఖాయం చేసుకునే తంతు. ఇంటినిండా జనం, కడాయిల్లో పూరీలు. వాసనకు ఆగలేక ముసలావిడ పాక్కుంటూ కడాయి దగ్గరకు వస్తుంది. బుద్ధిరామ్ భార్య రూప అందరి ముందూ తిట్టి పంపేస్తుంది. రెండోసారి వడ్డన జరుగుతున్న చోటికే వస్తుంది. ఈసారి బుద్ధిరామ్ చేతులు పట్టుకుని ఈడ్చుకెళ్ళి చీకటి గదిలో పడేస్తాడు. ఊరంతా తింటుంది, ఈవిడను పిలిచే దిక్కుండదు. రాత్రి చిన్నపిల్ల లాడ్లీ తన వాటా పూరీలు బొమ్మల పెట్టెలో దాచి తెచ్చి పెడుతుంది. అవి చాలవు. అతిథులు తిన్న చోటికి తీసుకెళ్ళమని ఆ పిల్లనే అడిగి, అక్కడ ఎంగిలి విస్తళ్ళలో ముక్కలు ఏరుకుని తింటుంది. రూపకు మెలకువ వచ్చి అది చూస్తుంది. హడలిపోయి, పళ్ళెం నిండా వడ్డించి తెచ్చి, తినమని బతిమాలుతుంది.

మా వాళ్ళలో ఒకాయన అన్నారు: “దురాశ కథే, కాదనను. కానీ ఇందులో అందరికంటే ఆశపోతు ఆ ముసలావిడే.” నాకు ఒళ్ళు మండింది. తీరా ఇంటికొచ్చి మళ్ళీ చదివితే ఆయన మాటకు కథలోనే సాక్ష్యం ఉంది. నాలుక రుచి తప్ప ఆవిడకు ఇంకే ఆశా మిగల్లేదని రచయిత మొదట్లోనే చెప్పేశాడు. పసిపిల్ల చిరుతిండిలో కూడా వాటా లాగేస్తుంది. మీరేమంటారు?

#2 రవ్వంత

నేను ఆయన పార్టీ. పెద్దావిడ అనగానే మనకు జాలి వచ్చేస్తుంది, అక్కడితో ఆలోచించడం మానేస్తాం. ఇంటినిండా పెళ్ళివారుంటే ఒక్క పూట ఓపిక పట్టొచ్చు కదా? దేవుడికి నైవేద్యం కాలేదు, వచ్చినవాళ్ళు ఇంకా తినలేదు. రూప అడిగింది కూడా అదే. ఇందులో తప్పేముందో నాకు అర్థం కాలేదు.

#3 వంటింటికిటికీ

తప్పుందో లేదో తర్వాత తేలుద్దాం. ముందు రూప గురించి నేను చెప్పాలి. ఇలాంటి కథల్లో కోడలు అనగానే రాక్షసి అని రాసేస్తారు, చదివేవాళ్ళకూ అదే సుఖం.

మా అత్తగారు చివరి నాలుగేళ్ళూ మతిమరుపులోనే గడిపారు. తిన్న గంటకే “నాకింకా ఎవరూ అన్నం పెట్టలేదు” అనేవారు. నాకు చెప్పినా పరవాలేదు. వీధిగుమ్మంలో కూర్చుని పోయేవాళ్ళకు చెప్పేవారు. ఒకరోజు దిండు గలీబులో చెయ్యి పెడితే పంచదార తగిలింది, పిడికెడు. ఎప్పుడు దాచారో, చీమలు బారు కట్టాయి. ఆ రోజు నేనన్న మాటలు ఇక్కడ రాయలేను. ఆవిడకు అర్థం కాలేదు, నాకు మాత్రం ఇప్పటికీ వినిపిస్తాయి.

కాబట్టి రూప తిట్టే చోటు నేను మూడుసార్లు చదివాను. అంతకు ముందు పేరా చూడండి. ఒకడొచ్చి ఇది కావాలంటాడు, ఇంకొకడు అది కావాలంటాడు. అంత ఇంట్లో ఆడమనిషి తనొక్కతే. గొంతు ఎండిపోతోంది, గుక్కెడు నీళ్ళు తాగే తీరిక లేదు. కోపం వచ్చినా పైకి అనడానికి లేదు, ఈమాత్రానికే విసుక్కుంటోందని ఇరుగుపొరుగు అనుకుంటారేమోనని భయం. సరిగ్గా అప్పుడు కడాయి పక్కన ముసలావిడ కనిపించింది. పొద్దుట్నుంచీ అణుచుకున్నదంతా, తిరిగి ఒక్క మాట అనలేని మనిషి మీద పడింది. మంచి పనని నేననను. కానీ అది దురాశ మాత్రం కాదు, ఒళ్ళు హూనమై వచ్చిన కోపం.

మరి ఆ టైంలో బుద్ధిరామ్ ఏం చేస్తున్నాడట? తర్వాత కనిపించినప్పుడు పూరీల పళ్ళెం పట్టుకుని అతిథుల మధ్య నిలబడి ఉంటాడు. నలుగురికీ కనపడే పని అతనిది. పొయ్యి దగ్గర మాడిపోయే పని ఈమెది.

#4 పాతకాగితం

ముప్పై ఏళ్ళు హిందీ పాఠాలు చెప్పినవాణ్ణి, ఈ కథ కనీసం ఇరవైసార్లు క్లాసులో చదివించి ఉంటాను. పిల్లలందరూ రాసే జవాబు ఒకటే: “బుద్ధిరామ్ దుర్మార్గుడు, రూప కోపిష్టి, లాడ్లీ దయగలది.” నేనూ ఏళ్ళ తరబడి దానికే మార్కులు వేశాను.

అసలు ప్రేమ్‌చంద్ ఏం రాశాడో చూడండి. బుద్ధిరామ్ మంచివాడే అంటాడు, తన పెట్టెకు సెగ తగలనంత వరకు. రూప నోరు మంచిది కాదు కానీ దేవుడికి భయపడుతుంది అంటాడు. ఆ వెంటనే అసలు మాట వేస్తాడు: కాకీకి రూప కోపం కంటే బుద్ధిరామ్ మంచితనమే ఎక్కువ బాధ పెట్టేదట.

ఆ ఒక్క ముక్కలో బుద్ధిరామ్ పాత్ర అంతా ఉంది. కోపిష్టి మనిషితో ఎక్కడ ఉన్నామో తెలుస్తుంది. మెత్తని మనిషితో తెలియదు. బుద్ధిరామ్‌కి అప్పుడప్పుడూ మనసు కలుక్కుమంటుంది కూడా. ఈ ఆస్తి వల్లే కదా నేనిలా పెద్దమనిషినై కూర్చున్నాను అనుకుంటాడు. నోటి మాటతో, ఒట్టి జాలితో పని జరిగేటట్టుంటే చేసేవాడే. ఖర్చు దగ్గర ఆగిపోతాడు. మళ్ళీ వాకిట్లో ఎవరైనా పెద్దమనిషి కూర్చుని ఉన్నప్పుడు లోపల ముసలావిడ ఏడుపు మొదలుపెడితే మాత్రం అగ్గిమీద గుగ్గిలమవుతాడు. ఆవిడ ఆకలి అతన్ని కదిలించదు, అది నలుగురికీ వినపడటం కదిలిస్తుంది.

దురాశ అంటే పరుల సొమ్ముకు చెయ్యి చాపడమే అనుకుంటాం. ఇది ఇంకో రకం. రావాల్సిందంతా వచ్చేసింది, ఇక ఇవ్వాల్సిన పిసరు దగ్గర చెయ్యి ముడుచుకుంటుంది.

ఇంకో సంగతి. అతనిచ్చిన మాటలను రచయిత కూలీ డిపో దళారులు చూపించే అరచేతి స్వర్గంతో పోల్చాడు. ఇప్పటి పిల్లలకు ఇది తగలదు. ఫిజీకో, దక్షిణాఫ్రికాలోని నటాల్‌కో, కరీబియన్ దీవులకో చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద మనుషుల్ని పంపే డిపోలు అవి. మన తెలుగువాళ్ళూ బోలెడుమంది అలా ఓడలెక్కారు. ఆ వలస 1917లో ఆగింది. కథ అచ్చయ్యేనాటికి ఆ దళారులు జనానికి ఇంకా మరపుకు రాలేదు. వేలిముద్ర పడేదాకా తేనె, పడ్డాక ఇక అడగడానికి ఎవరూ ఉండరు. ఇంట్లోవాణ్ణి అలాంటి దళారితో పోల్చడం ఆనాటి పాఠకుడికి చెంపదెబ్బలా ఉండి ఉంటుంది.

#5 లెక్కలమాస్టారు

నాకు సాహిత్యం అంతగా తెలియదు, లెక్క మాత్రం కనిపిస్తే వదలను.

ఆస్తి మీద ఏడాదికి 150, 200 రూపాయలకు తగ్గకుండా రాబడి అని కథలో ఉంది. అంటే నెలకు 12 రూపాయల 8 అణాల నుంచి 16 రూపాయల 10 అణాల దాకా. ఇది ఎంతో తెలియాలంటే, ప్రేమ్‌చంద్ 1899లో చునార్‌లో బడిపంతులుగా చేరినప్పుడు అతని జీతం నెలకు 18 రూపాయలు. ఏళ్ళు కాస్త అటూ ఇటూ అయినా, కాకీ ఆస్తి ఒక బడిపంతులు జీతానికి దగ్గర దగ్గరగా తెచ్చిపెడుతోంది. ఆవిడ ఆ ఇంట్లో తేరగా తినడం లేదు. సంపాదించే మనిషి కింద లెక్క.

రెండో లెక్క. చివర్లో రూప తనలో తను అనుకుంటుంది: ఈవిడ ఆస్తితో ఏడాదికి రెండు వందలు వస్తున్నాయి, ఈవిడ పుణ్యమా అని వేల రూపాయలు తిన్నాం, ఇవాళ వందలు ఖర్చుపెట్టాం అని. వేలు అంటే కనీసం రెండు వేలు వేసుకోండి. ఏడాదికి రెండు వందలు చొప్పున పదేళ్ళు! అంటే కాగితం రాసిచ్చి పదేళ్ళకు తక్కువ కాలేదు. అన్నేళ్ళుగా ఆ గదిలో అలాగే ఉందన్నమాట.

చూడండి, రూపకు లెక్క మొత్తం తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. ఆ రాత్రి కొత్తగా తెలిసిందేమీ లేదు.

#6 రవ్వంత

మాస్టారూ, ఈ రెండో లెక్క బాగుంది. నేను రెండుసార్లు చదివి కూడా గమనించలేదు.

అయినా నా పాయింట్ అలాగే ఉంది. ఆస్తి ఇచ్చింది, నిజమే. వాళ్ళు మోసం చేశారు, నిజమే. ఆవిడ తిండి యావ మాత్రం అబద్ధం అయిపోదుగా?

#7 నల్లకోటు

నేను కోర్టు మనిషిని. నాకు ఈ కథలో మొదటి పేరాల్లోనే ఒక చిక్కు కనపడింది, ఎవరూ ఎత్తలేదు.

ఆ ఆస్తి భర్త తరఫుదే అనుకుందాం. కథను బట్టి అలాగే అనిపిస్తుంది. ఆ రోజుల్లో కొడుకులు లేని హిందూ విధవకు భర్త ఆస్తి మీద ఉండేది పరిమితమైన హక్కు. బతికినన్నాళ్ళూ అనుభవించవచ్చు. సరైన అవసరం లేకుండా అమ్మడానికి గానీ ఇంకొకరికి ఇవ్వడానికి గానీ వీల్లేదు. ఆవిడ పోయాక అది భర్త వారసులకు చేరుతుంది. స్త్రీల ఆస్తి హక్కు మీద 1937లో ఒక చట్టం వచ్చినా ఈ పరిమితి పోలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌తోగానీ ఆడవాళ్ళకు పూర్తి హక్కు రాలేదు. కాకపోతే ఒక వెసులుబాటు ఉండేది. ఆవిడ తర్వాత ఎవరికి రావాలో ఆ దగ్గరి వారసుడికే ముందుగా అప్పగించేయవచ్చు.

ఇప్పుడు చూడండి. ఆవిడకు బుద్ధిరామ్ తప్ప ఎవరూ లేరని కథే చెప్తోంది. అంటే ఆవిడ కన్ను మూశాక ఆ ఆస్తి ఎలాగూ అతనికే వచ్చేది. కాగితం రాయించుకోకపోయినా వచ్చేది. కాగితం వల్ల అతనికి కలిసొచ్చింది ఒక్కటే, ఆవిడ బతికి ఉండే కాలం.

రవ్వంత గారూ, “ఒక్క పూట ఓపిక పట్టొచ్చు కదా” అన్నారు. రూప కూడా అదే అంది, అంతవరకూ ఆగలేకపోయావా అని. ఆగలేకపోయింది ఎవరు మరి? ముసలావిడ పూరీల కోసం ఒక గంట ఆగలేదు. అతను ఆవిడ చావు దాకా ఆగలేదు.

#8 రవ్వంత

…

సరే. ఓడిపోయాను. రాత్రంతా దీని గురించే ఆలోచిస్తాను.

#9 కథాసుధ

నల్లకోటు గారూ, మీ పోస్ట్ మా గుంపులో చదివి వినిపించాను. ఆ ఆశపోతు మాట అన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఇప్పుడైతే కేసు వేయొచ్చా?” అని అడిగారు. ఆయనకు డెబ్బై రెండేళ్ళు, అందుకని సరదాగా అడిగారో నిజంగానే అడిగారో నాకు తెలియలేదు.

#10 నల్లకోటు

వేయొచ్చు. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. పిల్లలు లేని వృద్ధుల విషయంలో, ఆస్తి చేతిలో ఉన్న బంధువు లేదా రేపు వారసత్వంగా పొందే బంధువు మీద కూడా అది పోషణ బాధ్యత పెట్టింది. 23వ సెక్షన్ ఇంకో అడుగు వేసింది. కనీస అవసరాలు చూడాలన్న షరతు మీద ఆస్తి ఇచ్చి, తీసుకున్నవాడు చూడకపోతే, ఆ బదిలీ మోసంతో జరిగినట్టు లెక్కించి ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు.

ఆ షరతు అన్న మాట దగ్గరే అందరూ తట్టుకుని పడతారు. కాగితంలో “ప్రేమాభిమానాల కొద్దీ ఇస్తున్నాను” అని రాయించుకుంటారు. తిండి పెడతానన్న మాట నోటితోనే ఉంటుంది. నా దగ్గరకు వచ్చే పెద్దవాళ్ళకు నేను చెప్పేది ఒకటే, “రాయకండి, రాస్తే ఆ మాట కూడా రాయించండి” అని. సగంమంది “సొంతవాళ్ళ దగ్గర అలా ఎలా రాయిస్తామండీ, బాగుండదు” అంటారు. కాకీ కూడా అలాగే అనుకుని ఉంటుంది. మా ఆఫీసులో కుర్చీలో ఆవిడ నాకు నెలకోసారి కనపడుతుంది.

#11 సగంచంద్రుడు

చట్టం బాగానే ఉంది. నేను చివరి సన్నివేశం దగ్గరకు వస్తాను. అందరూ రూప మారిందని కళ్ళు తుడుచుకుంటారు, నాకు అక్కడ ముల్లు గుచ్చుకుంటుంది.

రూప ఎందుకు వణికింది? ఒక ముసలి మనిషి ఆకలితో ఉందనా? ఆ సంగతి సాయంత్రమే తెలుసు. కావాలనే శిక్ష వేసి, పిలవకుండా వదిలేశారు. ఇప్పుడు ఆమె కంటికి కనపడింది వేరు. ఒక బ్రాహ్మణి పరుల ఎంగిలి విస్తళ్ళు తడుముతోంది. ఆవు మెడ మీద కత్తి పడటం చూసినట్టయింది ఆమెకు. ఆ పోలిక ఊరికే రాదు. రూప కంటికి అది పాపంగా కనపడింది. ఆకలిగా కనపడి ఉంటే సాయంత్రమే కనపడేది. ఆ వెంటనే దేవుణ్ణి వేడుకుంటుంది, నా పిల్లల మీద దయ చూపించమని. శాపం తన గడప తొక్కుతుందని భయం.

అదే రాత్రి ఆ విస్తళ్ళ దగ్గర వేరే కులం ముసలమ్మ కూర్చుని ఏరుకు తింటుంటే రూప ఏం చేసేది? పక్కకు తిరిగి పడుకునేది. ఎంగిలాకులు ఏరుకుని బతికే మనుషులు ఆ ఊళ్ళో లేరని ఎవరూ అనలేరు.

#12 వంటింటికిటికీ

మీ ప్రశ్న సరైనదే, కాదనను. కానీ ఒకటి అడుగుతాను, కోప్పడకండి. మనిషి మంచి పని ఏ తలుపులోంచి వస్తే ఏం? భయం తలుపు తెరుచుకుంది, భయంతోనే వచ్చింది. వచ్చినావిడ కొట్టు తలుపు తీసింది, పళ్ళెం నింపింది, ఆ ముసలావిడ ముందుకెళ్ళి నావల్ల తప్పయింది అంది. పదేళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట అన్నవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? మా అత్తగారికి నేనెప్పుడూ అనలేదు. అనాలని కూడా తోచలేదు, ఆవిడకు అర్థం కాదు కదా అనుకున్నాను.

#13 సగంచంద్రుడు

కోపం ఏమీ లేదండీ. మీరు రాసింది చదివాక ఇంకేమీ అనబుద్ధి కావడం లేదు. ఒక్కటి మాత్రం ఉంచుతాను. ప్రేమ్‌చంద్‌కి ఆ తేడా తెలియకుండా రాశాడని నేననుకోను. విందులో చాకళ్ళు, తోలుపని చేసే చమార్లు కూడా తిన్నాక కాకీ ఒక్కతే మిగిలిందని అతనే చెప్పాడు. రూప జాలినీ భయాన్నీ పక్కపక్కనే పెట్టాడు. తుడిచి శుభ్రం చేసి చూపించలేదు.

#14 రవ్వంత

మళ్ళీ వచ్చాను. ఇది సీరియస్ పాయింట్ కాదు, తిట్టకండి. మొదటిసారి పేరు చూసినప్పుడు నేను ‘కాకి’ అనే చదివాను. ముసలి కాకి కథ అనుకున్నాను, పంచతంత్రం టైపులో. తీరా చూస్తే చివర్లో ఆవిడ నిజంగానే కాకిలా విస్తళ్ళ మీద వాలింది. హిందీ వాళ్ళకు ఈ పోలిక తట్టదు, పిన్నికీ కాకికీ వాళ్ళ భాషలో పొత్తు లేదు.

#15 పాతకాగితం

సరదాకన్నా పెద్ద మాటే అన్నావు నాయనా. బుద్ధిరామ్ లాంటివాళ్ళు ఆవిడ పోయాక ఏం చేస్తారో ఊహించు. పదో రోజున పిండం పెట్టి, కాకి వచ్చి ముట్టుకునేదాకా చేతులు జోడించుకుని ఎండలో నిలబడతారు. “పిన్నికి పూరీలంటే ఇష్టం, అవి కూడా పెట్టండిరా” అని కూడా అంటారు.

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పి నాకు తట్టలేదిది. తెలుగులో చదివినవాళ్ళకే దొరికేది.

#16 కథాసుధ

నాకు పని పెట్టారు మీరంతా. నిన్న రాత్రి మళ్ళీ కథ తీసి, ఒక్క ఉపమానాల కోసం చదివాను. రూప కాకీ మీదకు దూకడం కప్ప వానపామును పట్టుకున్నట్టు ఉందంటాడు. అది చూస్తే అక్కడ దురుద్దేశం కనపడదు, ఒక జంతువు ఆవేశం అంతే. బుద్ధిరామ్ దగ్గరకు వచ్చేసరికి పోలిక మారిపోతుంది. అప్పు ఎగ్గొట్టి పారిపోయినవాడు కంటపడగానే షావుకారు పీక పట్టుకున్నట్టు వచ్చి చేతులు పట్టుకున్నాడట.

అక్కడ ఆగిపోయాను. అప్పు పడ్డవాడు ఎవడు, షావుకారు ఎవరు? పదేళ్ళ బాకీ నెత్తిన పెట్టుకున్నవాడు బుద్ధిరామ్. కానీ అతని కంటికి ఆ పాక్కుంటూ వచ్చిన మనిషే బాకీదారులా కనపడుతోంది. ఇది రచయిత పొరపాటున రాసి ఉండడు. దురాశ మనిషిని ఏం చేస్తుందో అంటే నేనైతే ఈ వాక్యం చూపిస్తాను. ముందు ఇంకొకరి సొమ్ము మనదవుతుంది. కొన్నాళ్ళకు వాళ్ళే మనకు బాకీ ఉన్నట్టు అనిపిస్తుంది. నా కళ్ళముందే ఒక కుటుంబంలో జరిగింది. అమ్మ ఇల్లు అమ్మి డబ్బు పంచాక, ఆవిడ మందుల బిల్లు వస్తే “మళ్ళీ ఖర్చు” అన్నారు. ఆ ‘మళ్ళీ’ అన్న మాట నాకింకా చెవిలో ఉంది.

పళ్ళెం సంగతి కూడా చూడండి. పూరీల పళ్ళెం చేతిలో ఉంది. అందులోంచి రెండు తీసి ఆవిడ చేతిలో పెడితే అయిపోయేది. దాన్ని నేలకేసి కొట్టి మరీ వచ్చాడు.

#17 లెక్కలమాస్టారు

ఇంకోటి గమనించారా? చివరి సన్నివేశంలో బుద్ధిరామ్ లేడు. రూప మారింది, లాడ్లీ చూసింది, కాకీ తింటోంది. పేరు మీద ఆస్తి ఉన్న మనిషి మాత్రం అక్కడ లేడు. మర్నాడు పొద్దున్న ఆవిడ పళ్ళెంలో ఏం పడుతుందో తేల్చాల్సింది అతనే. కథ రాత్రే ఆగిపోయింది.

#18 పాతకాగితం

లాడ్లీ గురించి ఎవరూ రాయలేదు. నేను రాస్తాను, క్లాసులో ఎప్పుడూ తప్పు చెప్పిన పాత్ర అది.

లాడ్లీ దేవత అని చెప్పేవాణ్ణి. కథ అలా చెప్పదు. అన్నలిద్దరూ తినుబండారాలు లాక్కుంటారని ఆ పిల్ల కాకీ దగ్గర చేరి తినేది. కాకీ నీడ ఉచితం కాదు, ఆవిడకూ కొంత పెట్టాలి. ఇద్దరి అవసరాలూ కలిశాయి కాబట్టి ఇద్దరి మధ్యా ప్రేమ మొలిచిందని రచయిత మొహమాటం లేకుండా చెప్పాడు. ఆ ఇంట్లో అందరి బంధమూ లాభం మీదే మొదలైంది. బుద్ధిరామ్‌ది కూడా అంతే. కానీ అతని బంధం లాభం చేతికి రాగానే తెగిపోయింది. ఈ పిల్లది మాత్రం అక్కడి నుంచి పెరిగింది.

ఆ రాత్రి నడక చూడండి. పదకొండు గంటలవుతోంది. వాకిట్లో వేపచెట్టు. హనుమంతుడు ఆ చెట్టు మీద కూర్చున్నట్టు, తోకా గదా కనపడుతున్నట్టు అనిపించి కళ్ళు మూసుకుంటుంది. అప్పుడే కుక్క లేచి కూర్చోవడం చూసి ధైర్యం తెచ్చుకుంటుంది. నిద్రపోతున్న మనుషులు ఇంతమంది ఉన్నా ఆమెకు ధైర్యం చెప్పింది కుక్క. బొమ్మల పెట్టె చంకలో పెట్టుకుని ఆ చీకట్లో నాలుగడుగులు వేసిన పిల్ల ముందు మనం రాసిన విశ్లేషణలన్నీ చిన్నబోతాయి.

కాకీ మొదట అడిగింది గుర్తుందా? అమ్మ ఇచ్చిందా అని. కాదు, నా వాటావి అంది లాడ్లీ. ఆ ఇంట్లో తన వాటా తీసి ఆవిడకిచ్చిన మనిషి ఆ పిల్ల ఒక్కతే.

#19 చుక్కకూర

నమస్తే అండీ. నేను ఈ వేదికకు కొత్త. పెద్దవాళ్ళందరూ రాశారు, నాకు ఒక చిన్న సందేహం మాత్రం ఉంది. లాడ్లీ తన పూరీలు ఒక్కటి కూడా తినకుండా అలాగే దాచింది కదా. అవన్నీ కాకీ తినేసింది. చివర్లో రూప తెచ్చిన పళ్ళెం కాకీకి.

మరి ఆ రాత్రి ఆ పిల్ల ఏం తింది?

#20 కథాసుధ

ఇప్పుడే మళ్ళీ తీసి చూశాను. రూప లేచేసరికి లాడ్లీ విస్తళ్ళ పక్కన ఏమీ మాట్లాడకుండా నిలబడి ఉంది. ఆ పిల్ల తిన్నట్టు ఎక్కడా లేదు.